కుడికి నాలుగు, ఎడమకి నాలుగు

మా హైస్కూల్లో లాకర్లు ఎప్పుడూ లేవు. పుస్తకాల సంచీ వీపున మోసుకుని గది గదికీ తిరగడమే మా చదువు. అందుకే ఆ జూలైలో సినిమావాళ్ళు బెల్జియం నుంచి లారీలో అరవై పసుపుపచ్చ లాకర్లు తెప్పించి, సైన్సు గదుల ముందు వరండా పొడుగునా నిలబెట్టేసరికి ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. హీరో లాకరు తలుపు దభీమని మూసి పాట అందుకోకపోతే అది అమెరికా బడి ఎట్లా అవుతుంది మరి?

తీస్తున్నది హాస్య సినిమా. అమెరికా బడిపిల్లలు ఉన్నట్టుండి బల్లలెక్కి పాడుతూ ఆడుతూ ప్రేమించుకుంటారే, ఆ రకం సినిమాల మీద వెక్కిరింపు. ఫ్రాన్సుకి ఉత్తరాన మా గనుల ఊళ్ళో ఒక కుర్రాడు అచ్చం అలాగే బతకాలనుకుంటాడు. భోజనశాలలో బల్లెక్కి పాట ఎత్తుకుంటే కాపలా ఆవిడ రెండు గంటలు గదిలో కూర్చోబెడుతుంది. బాస్కెట్‌బాల్ ఆడదామని ఎగిరితే బుట్ట ఊడి చేతికొస్తుంది. ప్రేమపాట మొదలైనప్పుడల్లా వాన పడుతుంది. చీర్‌లీడర్లు కావాలి కదా, ఆ కుర్రాడికి దొరికేది మా ఊరి మేజొరెట్లు.

తెల్ల బూట్లు, పొట్టి గౌను, బంగారు జరీ అల్లిన కోటు, నెత్తిన పొడుగు టోపీ, చేతిలో రెండు కొసలా రబ్బరు గుండ్లున్న వెండిరంగు కర్ర. బ్యాండు ముందు ఆ కర్ర తిప్పుకుంటూ నడిచే ఆడవాళ్ళు మేజొరెట్లు. వాళ్ళ నాయకురాలు మా అమ్మ రెజీన్. అప్పటికి అమ్మకు నలభై తొమ్మిదేళ్ళు, నాకు పదిహేడు. ఇంట్లో మేమిద్దరమే.

ఆ సెప్టెంబరుకి దళం పుట్టి యాభై ఏళ్ళు నిండుతాయి. మా ఊరి జాతరని దుకాస్ అంటాం. ఆ యాభయ్యో దుకాస్‌లో దళం ముందు తనే నడవాలని అమ్మ ఆశ. ఆశ అంటే చిన్నమాట, ప్రాణం పెట్టుకుని కూర్చుంది. "ఈ ఒక్కటి నడిపించేస్తే చాలే పెరీన్. మర్నాడే కర్ర మురియెల్ చేతిలో పెట్టేసి, ఇంట్లో కూర్చుని టీవీ చూసుకుంటా," అనేది. మురియెల్ పక్కింటావిడ. దళంలో అమ్మ తరువాతి మనిషి.

అడ్డమల్లా అమ్మ కుడిచెయ్యి. కూరగాయలు మంచుగడ్డ కట్టించి పొట్లాలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు చల్లగదిలో చిక్కుళ్ళు ఏరింది. వేళ్ళు చచ్చుబడ్డాయి. సూది గుచ్చినా తెలిసేది కాదు. కర్ర జారిపోతోంది. నాయకురాలి చేతిలో కర్ర నిలవట్లేదని దళంలో తెలిస్తే ఆ రోజుతో సరి, తప్పుకోవాల్సిందే. అందుకని రెండేళ్ళుగా ఒక ఉపాయం నడుస్తోంది. లోపలి బట్టలకి వేసే సన్నటి తెల్ల ఎలాస్టిక్ ఉంటుంది చూడండి, దాని ఒక కొస తెల్ల చేతితొడుగు లోపల, అరచేతి దగ్గర కుట్టు. రెండో కొస కర్ర నడుముకి చుట్టు. జారినా కర్ర కిందపడదు. కుట్టేది నేను. అమ్మ వేళ్ళతో సూది పట్టలేదు కదా.

చిక్కల్లా ఏమిటంటే, ఒకవైపే తిప్పితే ఎలాస్టిక్ మెలిపడి బిగుసుకుపోతుంది. కుడికి నాలుగు చుట్లు తిప్పితే ఎడమకి నాలుగు తిప్పి మెలి విప్పాలి. అమ్మ ఏం చేసిందనుకున్నారు? దళం మొత్తానికీ అదే నేర్పించింది. "కుడికి నాలుగు, ఎడమకి నాలుగు! పారిస్‌లో ఇప్పుడంతా ఇదే పద్ధతి!" అని ఈలవేసి మరీ చెప్పింది. పన్నెండుమంది ఆడవాళ్ళు రెండేళ్ళు అలాగే తిప్పారు. పురపాలక భవనం ముందు నాయకురాలు కర్రని బాల్కనీ కన్నా పైకి విసిరి పట్టుకోవాలని ఆనవాయితీ. ఒక ఏడు గాలి ఉందని, ఒక ఏడు బాల్కనీలో పూలకుండీలున్నాయని అమ్మ దాన్నీ దాటేసింది. ఈ సంగతి తెలిసినవాళ్ళం భూమ్మీద ఇద్దరమే.

ఇక నా సంగతి. పదమూడేళ్ళ దాకా నేనూ ఆ దళంలో నడిచాను. తరువాత క్లాసులో ఎవరో నవ్వారని మానేశాను. ఆ బూట్లన్నా, ఆ జరీ అన్నా, వీధిలో అమ్మ ఈల వినబడినా నాకు నామోషీగా ఉండేది. తల్లిని చూసి సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవాలంటే ఆ సిగ్గుకే సిగ్గేస్తుంది.

జూలైలో నాకు జూనియర్ ఆర్టిస్టు పని దొరికింది. లాకర్ల ముందు కుడి నుంచి ఎడమకి నడవడం, మళ్ళీ వెనక్కొచ్చి నడవడం. మధ్యాహ్నం మా బడి భోజనశాలలోనే అందరికీ తిండి. ఒకరోజు పక్కబల్ల దగ్గర దర్శకుడు టిబో తల పట్టుకుని కూర్చున్నాడు. పారిస్ మనిషి, ముప్ఫై రెండో మూడో ఉంటాయి. మేజొరెట్ల నాయకురాలి పాత్ర అతనికి కుదరడం లేదట. ఆ పాత్ర వేసే సొలేన్ ఎదురుగా కూర్చుని, "కాగితం మీద చదివితే నవ్వొస్తోంది టిబో. నోట్లోకొచ్చేసరికి చప్పబడిపోతోంది," అంటోంది.

మేకప్ ఆవిడ నా వైపు చూపించింది. "ఈ పిల్లని అడగండి. ఇక్కడి నాయకురాలు వాళ్ళమ్మే."

టిబో తలెత్తాడు. "నిజమా? ఎట్లా ఉంటుందేంటి మీ అమ్మ?"

బాగుంటుంది అని ఊరుకోవచ్చు. నేను లేచి, బల్ల మీది పొడుగు రొట్టె తీసుకుని, చేసి చూపించాను.

కోడిలా మెడ సాచి కుడికోసారి ఎడమకోసారి చూశాను. లేని ఈల వేశాను. "గడ్డాలు పైకి! పళ్ళు! జనం మీ మోకాళ్ళు చూడ్డానికి రాలేదమ్మా, మీ పళ్ళు చూడ్డానికొచ్చారు! మురియెల్, నీ పళ్ళేవీ? ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అన్నాను. రుమాలు మీద ఉమ్మి, బూటు తుడిచి, ఆ రుమాలుతోనే ముక్కు తుడుచుకున్నాను. అది అమ్మ ఎప్పుడూ చేయలేదు. నేను కలిపాను.

బల్లలన్నీ మా వైపు తిరిగాయి. కెమెరా మనిషి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. అంతమంది నా మాటకి నవ్వడం నా జన్మలో అదే మొదలు. ఒళ్ళు తెలియలేదు నాకు.

"ఇంకా? ఇంకేముంది?" అన్నాడు టిబో కళ్ళు తుడుచుకుంటూ.

ఇంకేమీ లేదు. నా సంచీ ఖాళీ అయిపోయింది. కానీ ఆ మొహాలన్నీ నా మొహంలోకే చూస్తున్నాయి. ఇంకొక్కటి, ఇంకొక్కటి అన్నట్టు చూస్తున్నాయి. నేను రొట్టెని అరచేతిలో పట్టుకుని, జారిపోయినట్టు వదిలి, మళ్ళీ చటుక్కున అందుకున్నాను. "చేతితొడుక్కి ఎలాస్టిక్ కుట్టించుకుంటుంది! కర్ర పడిపోకుండా!" అన్నాను.

టిబో బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టాడు. "దొరికింది! ఇదే మన ఆఖరి సీను!"

ఆ సాయంత్రానికి నాకు మానిటర్ పక్కన మడతకుర్చీ వేశారు, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించారు. ఒక డైలాగు కూడా రాస్తానన్నాడు టిబో. చివరి పాటలో అందరూ లాకర్లు తెరిచి ఆడుతుంటే నాది ఇరుక్కుపోవాలి, "ఇది తెరుచుకోదు" అనాలి. రెండు మాటలు. ఆ రెండు మాటల కోసం అని మీరనుకుంటే నాకు కొంచెం తేలిక. కానీ అవి తరువాతొచ్చాయి. నేను అమ్మని అమ్మింది ఊరికే, వాళ్ళ నవ్వు కోసం.

ఆఖరి సీనులో మా దళాన్నే నడిపిస్తామని సినిమావాళ్ళు కబురు పెట్టారు. ముందు సొలేన్ నడుస్తుంది, వెనక మావాళ్ళు. ముప్ఫై ఏళ్ళు ముందు నడిచిన మనిషిని రెండో వరసలో నిలబడమన్నా అమ్మ మొహం చిన్నబుచ్చుకోలేదు. "సినిమాకి ఆ పిల్లే బాగుంటుందిలే. నన్ను చూడ్డానికి టికెట్టు కొంటారా ఎవరైనా?" అని నవ్వింది. పైగా సొలేన్‌కి కర్ర తిప్పడం నేర్పించడానికి తనే ఒప్పుకుంది.

పది రోజులు సాయంత్రాలు సొలేన్ మా ఇంటికొచ్చింది. అమ్మ డ్యూటీ నుంచి రాగానే వెనక పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒళ్ళో చేతులు పెట్టుకునే నేర్పేది. "మణికట్టుతో తిప్పకమ్మా, వేళ్ళతో తిప్పు. వేళ్ళలో ఉండాలి ప్రాణమంతా." తన వేళ్ళని మాత్రం ఏప్రాన్ కింద దాచుకునేది. పాఠం అయ్యాక చికోరీ కలిపిన కాఫీ, చక్కెర టార్టు. సొలేన్ వద్దంటే ఊరుకునేది కాదు. "తిను తిను. పారిస్‌లో మీకు తిండి పెట్టరా ఏంటి? ఎముకలు లెక్కపెట్టొచ్చు." నా కన్నా ఆ పిల్లతోనే ఎక్కువ మాట్లాడేది. నేను అడగనివన్నీ ఆ పిల్ల అడిగేది మరి. ఆఖరి రోజు బీరువా పైనుంచి అట్టపెట్టె దింపి, పదిహేడేళ్ళ వయసులో తను మొదటిసారి వేసుకున్న కోటు తీసింది.

"వేసుకో. నీకు సరిపోతుంది. మా అమ్మాయి కోసం దాచాను, దానికి ఇవి నచ్చవు," అంది. మాటలో కోపం కూడా లేదు.

సొలేన్ ఆ కోటు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాని జరీ నిమిరింది. వీధి తలుపు దాకా నేను సాగనంపితే అక్కడ ఆగింది.

"పెరీన్, ఆ ఎలాస్టిక్ సంగతి. మీ అమ్మకి తెలుసా, అది సినిమాలో పెడుతున్నామని? తెలియకపోతే చెప్పు, నేను టిబోతో మాట్లాడతాను. ఇంకోటి ఏదైనా పెట్టుకోవచ్చు."

ఇంత తేలిగ్గా తప్పించుకునే దారి నాకు మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు. వద్దు, తెలియదు అంటే చాలు. కానీ అలా అంటే నా కుర్చీ, నా హెడ్‌ఫోన్, టిబో నన్ను పేరుపెట్టి పిలవడం అన్నీ పోతాయేమో. వెనకనుంచి అమ్మ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"తెలుసు. అసలు అమ్మే చెప్పమంది," అన్నాను.

"అమ్మయ్య!" అని నన్ను కావలించుకుని వెళ్ళిపోయింది సొలేన్.

ఆగస్టు ఆఖరి గురువారం ఆ సీను. పొద్దున వంటింట్లో అమ్మ చేతితొడుగు బల్ల మీద పరిచి, "కొత్తది వెయ్యవే, పాతది సాగిపోయింది. కెమెరా ముందు పరువు పోకూడదు," అంది. ఆ పొద్దున కూడా నేనే కుట్టాను. వేలికి సూది దిగింది. మంచిపని అయిందనుకున్నాను.

బడి ఆవరణలో రెండు వందలమంది జనం. బ్యాండువాళ్ళు, వరండాలో పసుపుపచ్చ లాకర్లు, పైన టిబో దండం పెట్టుకున్నా రాని వాన. మావాళ్ళకి చెప్పింది ఒకటే: నడవండి, ప్రిన్సిపాల్ వేషం వేసినాయన తలకి కర్ర తగలగానే నవ్వండి. రెండో వరసలో కుడి చివర అమ్మ, పక్కన మురియెల్. పొడుగు టోపీల కింద పన్నెండుమందీ ఒకేలా ఉన్నారు. టిబోకి అందులో మా అమ్మ ఎవరో కూడా తెలియదు.

మొదటి టేక్. అమ్మ పాత కోటు వేసుకున్న సొలేన్ కోడిలా మెడ సాచింది. "గడ్డాలు పైకి! పళ్ళు!" అని అరిచింది. రుమాలు మీద ఉమ్మింది. దళంలో కిసుక్కుమన్నారు. "ఏమే రెజీన్, అచ్చు నువ్వే!" అని మురియెల్ మోచేత్తో పొడిచింది. అమ్మ కూడా నవ్వింది. కుడికి నాలుగు, ఎడమకి నాలుగు. ఆ తరువాత సొలేన్ కర్ర విసిరింది. చేతితొడుగు నుంచి బారెడు ఎలాస్టిక్ సాగింది. జనానికి కనబడాలని మందంగా, ఎర్రది పెట్టారు. కర్ర అంత దూరం వెళ్ళి, అంతే వేగంగా వెనక్కొచ్చి ప్రిన్సిపాల్ విగ్గు ఎగరగొట్టింది. ఆవరణ ఆవరణంతా గొల్లుమంది.

అమ్మ మొహం నేను మానిటర్‌లో చూశాను. నవ్వు ఉంది. అది ఎక్కడిదక్కడ ఆగిపోయి ఉంది.

రెండో టేక్‌లో విగ్గు ఊడలేదు. మూడోసారి కర్ర బ్యాండువాడి డోలుకి తగిలింది. మూడుకీ నాలుగుకీ మధ్య మురియెల్ తలవంచుకుని వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకోవడం కనబడింది. కుడికి నాలుగు, ఎడమకి నాలుగు. మెల్లిగా తల తిప్పి అమ్మ చేతితొడుగు వంక చూసింది. వాళ్ళ వరసలో మైకు దాచారు, అది నా చెవుల్లో పలుకుతోంది.

"అందుకా?" అంది మురియెల్.

"వరసలో నిలబడు, మురియెల్," అంది అమ్మ.

అయిదు. ఆరు. ఆ మాట చెవి నుంచి చెవికి పాకింది. ఒకరి తరువాత ఒకరు చూపు దించి అమ్మ చేతిని చూసి, చప్పున ఎదటికి తిప్పుకున్నారు. అమ్మ చెయ్యి దాచుకోలేదు. వరసలో నిలబడ్డవాళ్ళు చెయ్యి దాచుకోకూడదని ముప్ఫై ఏళ్ళు తనే నేర్పింది. ఏడు, ఎనిమిది. టిబో మెగాఫోన్ అందుకున్నాడు.

"రెండో వరస, కుడి చివర మేడమ్! మీరొక్కరే నవ్వడం లేదండీ. మొదటిసారి నవ్వారుగా! మీ జీవితంలో బాగా నవ్వొచ్చిన సంగతి ఏదైనా తలుచుకోండి, సరేనా?"

"సరేనండి," అంది అమ్మ.

నేను లేచి పరుగెత్తి, ఆపండి అనాలి. కాళ్ళున్నాయి, నోరుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదోసారి కర్ర వెళ్ళింది, వచ్చింది, విగ్గు ఎగిరింది. అమ్మ తల తిప్పి నన్ను వెతికింది. గొడుగు కింద మడతకుర్చీలో ఉన్న నన్ను పట్టుకుంది. నా కళ్ళలోకి సూటిగా చూస్తూ, గడ్డం పైకెత్తి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

"కట్! బ్రహ్మాండం!" అన్నాడు టిబో. అందరూ చప్పట్లు కొట్టారు.

సొలేన్ తిన్నగా నా దగ్గరికొచ్చింది. టేకుల మధ్య అమ్మ మొహం తనూ చూసినట్టుంది. చేతితొడుగు ఊడదీసుకుంటూ, "తెలుసన్నావు," అంది. ఇంకేమీ అనకుండా వెళ్ళి కోటు విప్పి, మడతపెట్టి, అమ్మ సంచీ పక్కన పెట్టింది.

ఆ వెంటనే నా డైలాగు తీశారు. లాకరు లాగి, "ఇది తెరుచుకోదు," అన్నాను. అవును, అంత జరిగాక కూడా అన్నాను. రెండు టేకుల్లో అయిపోయింది. బాగా అన్నావన్నారు.

గేటు దగ్గర అమ్మ టోపీ చంకన పెట్టుకుని నా కోసం నిలబడింది. ఇటుక ఇళ్ళ వరస పక్కన ఇద్దరం నడిచాం. ఫ్రైస్ బండి దాటాం.

"బాగానే చేసింది ఆ పిల్ల," అంది అమ్మ.

"అమ్మా, నేను..."

"మెడే కుదరలేదు. కోడి మెడ పెట్టింది. నా మెడ అలా ఉండదే. నువ్వు తప్పు చూపించి ఉంటావు."

నాకు తలకొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే ఏడ్చి కాళ్ళు పట్టుకునేదాన్ని. తిట్టలేదు. ఇంటికెళ్ళాక కత్తెర తీసి నా చేతికిచ్చి, చేతితొడుగు చాచింది. పొద్దున కుట్టిన కుట్టు నేనే కత్తిరించాను. ఆ ఎలాస్టిక్ ముక్క కుట్టుసామాన్ల డబ్బాలో వేసి మూత పెట్టింది. నన్ను క్షమించమ్మా అన్న మాట ఆ వంటింట్లో నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

దుకాస్ ముందురోజు మురియెల్ వచ్చింది. కూర్చోలేదు. "ఇదిగో రెజీన్, నాకేం నాయకత్వం తొందర లేదు. ఎలాస్టిక్ కట్టుకునే నడువు. మాలో ఒక్కరు నోరెత్తరు. ఎత్తితే నేను చూసుకుంటా."

"అందరికీ తెలిసిపోయాక ఎలాస్టిక్ ఎందుకే?" అంది అమ్మ.

మురియెల్ నా వైపు చూసింది. నేను తల ఎత్తలేకపోయాను.

మా ఊరేగింపుకో కట్టుబాటుంది. కర్ర కిందపడితే పడినదే, వంగి తీసుకోకూడదు, నడక ఆగకూడదు. కాలిబాట మీద నిలబడ్డ ఆ ఇంటివాళ్ళు పరుగెత్తుకొచ్చి కర్ర తీసి చేతికందించాలి. అందుకే మేజొరెట్ ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒకరు ముందు వరసలో కాచుకుని ఉంటారు. దళంలో చేరకముందు, చిన్నప్పుడు, అమ్మ కర్ర ఎప్పుడు పడుతుందా, నేనెప్పుడు దూకుదామా అని ఎదురుచూసేదాన్ని. అమ్మ ఒక్కసారి కూడా పడెయ్యలేదు. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

ఆ ఆదివారం పురపాలక భవనానికి ఎదురుగా, మందులషాపు ముందు, మా క్లాసువాళ్ళతో నిలబడ్డాను. బ్యాండు మలుపు తిరిగింది. ముందు అమ్మ. గడ్డం పైకి, పళ్ళు, కుడికి నాలుగు, ఎడమకి నాలుగు. ఎలాస్టిక్ లేకుండా. ఎంత బాగా తిప్పిందో! భవనం ముందుకి రాగానే కాస్త మోకాళ్ళు వంచి కర్రని పైకి విసిరింది. బాల్కనీ దాటి, జెండా దాటి, ఎండలో తళుక్కుమంటూ వెళ్ళింది. నిజంగా వెళ్ళింది, నేను చూశాను. దిగేటప్పుడు అమ్మ చెయ్యి సరిగ్గా దాని కిందే ఉంది. వేళ్ళు మాత్రం మూసుకోలేదు.

రాళ్ళమీద కర్ర మోగిన చప్పుడు డోలు చప్పుడులోంచి కూడా వినబడింది.

"ఎలాస్టిక్ తెగిందా రెజీన్?" అని ఫ్రైస్ బండి దగ్గర ఎవడో అరిచాడు. సీనులో నిలబడ్డవాళ్ళు రెండు వందలమంది ఊళ్ళోనే ఉన్నారు మరి. కాలిబాట కాలిబాటంతా నవ్వింది. ఆ తరువాత ఆనవాయితీ గుర్తొచ్చి జనం అటూ ఇటూ చూశారు. రెజీన్ ఇంటివాళ్ళెవరు? ఎక్కడున్నారు?

రెజీన్ ఇంటివాళ్ళు ఇరవై అడుగుల దూరంలో, మందులషాపు ముందు నిలబడి ఉన్నారు. రోడ్డు మీదికి అడుగేస్తే ఊరంతా నన్ను చూస్తుంది, ఈ పిల్లే చెప్పింది అనుకుంటుంది. అంతే నేను ఆలోచించింది. అమ్మ గురించి కాదు, నా మొహం గురించి. కాళ్ళు కదల్లేదు. దళం కర్ర మీద అడుగు పడకుండా మోకాళ్ళెత్తి దాటుకుంటూ పోయింది. బ్యాండు దాటింది. అమ్మ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఉత్తచేతులతో వీధి చివరిదాకా నడిచింది. వేళ్ళు మాత్రం ఆగలేదు. కుడికి నాలుగు, ఎడమకి నాలుగు.

వీధి ఖాళీ అయ్యాక వెళ్ళి కర్ర తీశాను. ఒక గుండు చీలిపోయింది. పట్టుకుని భవనం పెరట్లోకి వెళ్ళాను. అక్కడ మేయరు అందరికీ వైను పోయిస్తున్నాడు. అమ్మ టోపీ తీసేసి, బెంచీ మీద కూర్చుని బూట్ల జిప్పులు లాక్కుంటోంది. కర్ర చాచాను.

"మురియెల్‌కియ్యి," అంది. "ఇంక అది దానిదే."

ఆ తరువాత అమ్మ మళ్ళీ కర్ర ముట్టుకోలేదు. మా ఇంట్లో ఈల మోగలేదు. శనివారం పొద్దున వంటింటి బల్ల మీద చేతితొడుగు ఉండేది కాదు. ఇద్దరం కాఫీ తాగేవాళ్ళం, ఎవరి కప్పులోకి వాళ్ళం చూసుకుంటూ.

సినిమా ఫిబ్రవరిలో వచ్చింది. ఆదివారం మ్యాట్నీకి మురియెల్ బస్సు మాట్లాడింది. అమ్మ రాదనుకున్నాను. మంచి కోటు వేసుకుని అందరికన్నా ముందు ఎక్కి కూర్చుంది. హాలు నిండిపోయింది. లాకర్ల పాట వచ్చింది, నా లాకరు రాలేదు. "ఇది తెరుచుకోదు" తీసేశారు. "నీదెప్పుడే?" అని అమ్మ రెండుసార్లు అడిగింది.

ఆఖరి సీను వచ్చింది. ఎర్ర ఎలాస్టిక్ సాగింది, విగ్గు ఎగిరింది, హాలంతా పొట్టలు పట్టుకుంది. అప్పుడు తెర నిండా అమ్మ మొహం. మా ఇంటికన్నా పెద్దగా, గడ్డం పైకెత్తి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. చూపు కెమెరాకి కొంచెం పక్కగా ఉంది. హాల్లో ఎవరికైనా ప్రిన్సిపాల్‌ని చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది. ఆ కళ్ళు ఎవరిని చూస్తున్నాయో తెలిసినవాళ్ళం మళ్ళీ ఇద్దరమే.

అమ్మ నా వైపు వంగింది. "తొమ్మిదోది పెట్టారే," అంది చెవిలో. "అనుకున్నాలే, అదే బాగా వచ్చిందని."